దీపాలాయన కడుపుమంట

కొందరికి పుట్టుకతో పుట్టుమచ్చ వస్తుంది. దీపాలాయనకు కుళ్ళు వచ్చింది. ఇందులో దాచవలసిందేమీ లేదు, ఆయన దాచినా దాగేదీ కాదు. చిన్నప్పుడు అన్నయ్య తనకంటే పొడుగు పెరిగాడని కుళ్ళు. కాలేజీ రోజుల్లో హాస్టల్లో పక్క మంచం కుర్రాడి చేతిరాత గుండ్రంగా ఉందని కుళ్ళు. పెళ్ళయ్యాక తను నీళ్ళు పోసిన మొక్క వాడిపోయి, భార్య పోసిన మొక్క పూసిందని ఏకంగా మొక్క మీదే కుళ్ళు. అలాగని మనిషి చెడ్డవాడు కాదు. ఎవరికీ అపకారం తలపెట్టిన పాపాన పోలేదు. పక్కవాడికి మంచి జరిగిన పూట మాత్రం ఆయనకు అన్నం సయించదు, అంతే.

ఆయన పనిచేసేది ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో. వెలుగుతో రసాయనాలను కలపడం ఆయన విద్య, అందుకే అసలు పేరు అందరూ మరిచిపోయి దీపాలాయన అనేవారు. కొన్ని పదార్థాలు రోజంతా మరిగించినా ఒకదానితో ఒకటి కలవవు, మొండికేసి కూర్చుంటాయి. వాటిలో చిటికెడు నారింజరంగు పొడి వేసి, సీసాలో ఉన్న గాలిని సన్నటి సూదిలోంచి నైట్రోజన్ పంపి వెళ్ళగొట్టి, నీలి దీపాల ముందు పెట్టాలి. ఆ పొడి వెలుగును మింగి, ఒకదాని దగ్గరున్న ఎలక్ట్రాన్‌ను లాక్కుని రెండోదానికి అందిస్తుంది. దాంతో బెట్టు సడలి రెండూ కలిసిపోతాయి. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో దీపమంటే నీళ్ళ తొడుగులో మండే పాదరసపు దీపం, చేయి పెడితే కాలేది. ఇప్పుడు గుండ్రటి డబ్బాలో ఎల్.ఇ.డి. వరసలు, అడుగున చల్లబరిచే ఫ్యాను. కళ్ళకు నారింజ అద్దాలు పెట్టుకుని ఆయన ఆ డబ్బా మీదికి వంగితే బట్టతల కూడా నీలంగా మెరిసేది.

ఆయనకు ఈ విద్యలో అన్నిటికంటే ఇష్టమైనది చీకటి సీసా. అదేమిటంటే, వెలుగు సీసాలో ఏమేం వేశారో అన్నీ ఇంకో సీసాలోనూ వేసి, దానికి వెలుగు తగలకుండా అల్యూమినియం రేకు చుట్టి, అదే డబ్బాలో, అదే వేడిలో పక్కనే పెడతారు. వెలుగు సీసాలో పని జరిగి, చీకటి సీసాలో జరగకపోతే అది నిజంగా వెలుగు చేసిన పనే. రెండింటిలోనూ జరిగితే దీపం ఉత్త అలంకారం, పని చేసింది వేడి. ఎవరైనా "సార్, నా రియాక్షన్ అయింది!" అని ఎగిరి గంతేస్తూ వస్తే, దీపాలాయన తాపీగా అద్దాలు తుడుచుకుంటూ "చీకటి సీసా పెట్టావా?" అనేవాడు. ఎదుటివాడి సంబరంలోంచి గాలి తీసే హక్కును కంపెనీ జీతమిచ్చి మరీ చేతిలో పెట్టింది. అంతకంటే ఏం కావాలి ఆయనకు?

ఒకసారి ఒక పరిశోధకురాలు ఏడుపు మొహంతో వచ్చింది. ఆమె చీకటి సీసాలో కూడా పని జరిగిపోయింది, అంటే కొన్ని నెలల కష్టం గంగలో కలిసినట్టే. దీపాలాయన ఆ రేకును విప్పి దీపానికి అడ్డంగా పట్టి చూస్తే, మూత దగ్గర సూది గుచ్చిన చోట ఆవగింజంత చిల్లు. వెలుగు లోపలికి కారుతోంది. అప్పటినుంచి "చీకటి సీసాలో పని జరిగిందంటే ముందు రేకు చూడండి" అన్నది ఆయన నోట మంత్రమైపోయింది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళ చెవిలోనూ ఊదేవాడు.

ఇక ఇంటి సంగతి. ఆయన భార్య ఊళ్ళో గ్రంథాలయంలో కౌంటరు దగ్గర పనిచేసేది. ఆయనకంటే ఏడేళ్ళు చిన్న. పిల్లలు లేరు. ఆయన రిటైరవడానికి ఏడాది ఉందనగా గ్రంథాలయం వెనక గదిలో శనివారం శనివారం ఒక క్లాసు మొదలైంది. రిటైరయ్యాక డబ్బు ఎక్కడ దాచుకోవాలి, ఎలా తినాలి అన్నది పాఠం. చెప్పేది ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు. భార్య గది తాళాలు తీయడానికని వెళ్ళి, అక్కడే కూర్చుని వినడం మొదలుపెట్టింది.

దీపాలాయన ఆ మేనేజరును ఒకే ఒక్కసారి, గ్రంథాలయం మెట్ల మీద చూశాడు. చూడకపోయినా బాగుండేది. మనిషికి అరవై దాటాయి, తల మీద మాత్రం ఒత్తుగా, వెనక్కి దువ్విన నల్లటి జుట్టు. రంగేనని దీపాలాయన అక్కడికక్కడే తేల్చేశాడు, రసాయనాల మనిషి కదా! కానీ రంగు వేసుకోవడానికైనా అక్కడ జుట్టంటూ ఉండాలి. ఆ రోజునుంచి ఆయన మనసులో అతను జుట్టాయన.

ఓ రాత్రి భోజనాల దగ్గర భార్య అంది: "ఏమండీ, మన సొమ్మంతా పింఛనులోనే పోయకూడదట. ధరలు ఏటేటా పెరుగుతాయి, పింఛను పెరగదు కదా! కొంత పింఛనులో, కొంత మ్యూచువల్ ఫండ్లలో పెట్టుకోవాలని ఆయన అన్నారు."

"ఏ ఆయన?"

"మా శనివారం ఆయన."

ఆ 'మా' దగ్గర ముద్ద గొంతుకు అడ్డం పడింది. ఇన్నేళ్ళ కాపురంలో 'మా' అన్న మాటకు తను తప్ప ఇంకో హక్కుదారు ఉంటాడని ఆయనకు తోచనే లేదు. నీళ్ళు తాగి, ఫండ్లన్నీ జూదమని, జూదమాడేవాళ్ళే జుట్టుకు రంగేసుకుంటారని ఓ ఉపన్యాసం ఇచ్చాడు. రెండో ముక్కకూ మొదటి ముక్కకూ సంబంధమేమిటో భార్యకు అర్థం కాలేదు. అర్థమైనా కానట్టు ఊరుకుందేమో, అది వేరే సంగతి.

ఇక రోజూ అదే వరస. బంగారం కొంచెమే ఉండాలని ఆయన అన్నారు. అవసరానికి ఏడాది ఖర్చు బ్యాంకులో విడిగా ఉంచాలని ఆయన అన్నారు. వైద్యం బీమా వయసు మీద పడకముందే పెంచుకోవాలని ఆయన అన్నారు. భార్య కళ్ళు మెరుస్తున్నాయి, మాటలో ఎప్పుడూ లేని హుషారు. వంటింట్లో ఏదో కూనిరాగం కూడా వినిపిస్తోంది. దీపాలాయనకు కడుపులో ఒకటే మంట. జుట్టాయన ఏది చెయ్యమంటే దానికి సరిగ్గా ఎదురు చెయ్యడం మొదలుపెట్టాడు. బీమా పెంచలేదు. ఏడాది ఖర్చు విడిగా ఉంచమన్నారని, ఉన్నదాన్ని కూడా కదిపి పళ్ళు కట్టించుకున్నాడు. ఆ పళ్ళు నూరుకోవడానికే పనికొచ్చాయి.

అసలు ముడి పింఛను దగ్గర పడింది. కంపెనీలో ఇన్నేళ్ళూ జమైన సొమ్ములో పెద్ద భాగంతో యాన్యుటీ కొనుక్కోవాలి. అంటే, మొత్తం ఒకేసారి బీమా కంపెనీ చేతిలో పెడితే వాళ్ళు నెలనెలా పింఛను ఇస్తారు. అందులో రెండు రకాలు. ఒంటి పింఛను అయితే నెలకు ఎక్కువ వస్తుంది, ఆయన ప్రాణంతోపాటు ఆగిపోతుంది. జంట పింఛను అయితే నెలకు కాస్త తక్కువ, కానీ ఆయన పోయాక భార్యకు బతికినంత కాలం వస్తుంది. గ్రంథాలయం ఇచ్చే జీతం ఆమె చేతి ఖర్చుకే చాలదు, ఆ ఉద్యోగానికి పింఛనూ లేదు. కాబట్టి ఆయన తర్వాత ఆమె గతి ఏమిటన్నది ఈ ఒక్క ఎంపిక మీదే ఉంది. మొదట్లో దీపాలాయన ఇంకేమీ ఆలోచించకుండా జంటదే అనుకున్నాడు. అంతవరకూ బుద్ధి సరిగానే ఉంది.

అప్పుడు భార్య టీ కప్పు అందిస్తూ, "ఆయన కూడా జంటదే మేలన్నారు" అంది.

ఇంకేముంది, అగ్గి రాజుకుంది. ఓహో, నేను పోయాక దీనికి ఎంత వస్తుందో లెక్కలేసేది ఆయనా? దీపాలాయన కళ్ళముందు సినిమా మొదలైంది. గోడమీద తన ఫొటో. దాని కింద తన కుర్చీ. కుర్చీలో జుట్టాయన కాలు మీద కాలు వేసుకుని, తన పింఛనుతో కొన్న టీ తాగుతూ, "పాపం, మంచివారే" అంటున్నాడు. భార్య తలూపుతోంది. ఆ తలూపడం దగ్గర ఆయనకు నిద్ర పట్టేది కాదు. తను లేకుండా ఆమె ఓ ఏడేళ్ళో, పదేళ్ళో, ఇరవయ్యేళ్ళో బతుకుతుంది. నవ్వుతుంది. కూనిరాగం తీస్తుంది. తను చూడని ఉదయాలు ఆమె చూస్తుంది. జుట్టాయన సంగతి అటుంచి, ఆ ఉదయాల మీదే ఆయనకు కుళ్ళు పుట్టింది. ఆ మాట ఆయన తనలో తను కూడా అనుకోలేదు. జుట్టాయన మీద పడేసి ఊరుకున్నాడు.

అంతలో జుట్టాయన కూతురికి కానుపని నెల రోజులు వేరే ఊరు వెళ్ళాడు. ఆ వార్త భార్య నోట వినగానే దీపాలాయనకు మెరుపులా తట్టింది. ఇదిగో, చీకటి సీసా! దీపం ఆరిపోయింది. అదే ఇల్లు, అదే వేడి, అదే భార్య. ఈ నెలలో కళ్ళ మెరుపు ఆగిపోతే అది జుట్టాయన చేసిన పనే అన్నమాట. ఆగకపోతే అతనికీ దానికీ సంబంధం లేదు, మనసు కుదుటపరుచుకోవచ్చు. చూశారా, ఎంత శాస్త్రీయంగా ఆలోచించాడో! దీపాలాయన రోజూ పేపరు అడ్డం పెట్టుకుని భార్య మొహాన్ని పరీక్షించడం మొదలుపెట్టాడు.

మెరుపు ఆగలేదు సరికదా, పెరిగింది. కూనిరాగం కాస్తా పాటయింది. "ఆయన అన్నారు" అంటూ వచ్చే కబుర్లకూ లోటు లేదు. వేరొకరైతే అక్కడితో ఆగి, దీపం లేకుండానే పని జరుగుతోంది, పాపం జుట్టాయనకు ఏ సంబంధమూ లేదని ఊపిరి పీల్చుకునేవారు. దీపాలాయన అలా ఎలా ఊరుకుంటాడు? ముప్పై అయిదేళ్ళ అలవాటు! చీకటి సీసాలో పని జరిగిందంటే ముందు రేకు చూడాలి. ఎక్కడో చిల్లుంది. వెలుగు కారుతోంది. ఆ చిల్లు ఎక్కడో పట్టుకోవాలి.

ఫోను బిల్లు తెప్పించి చూశాడు. ఏమీ లేదు. టపా వచ్చే వేళకు గుమ్మంలో కాపు కాశాడు. కరెంటు బిల్లు వచ్చింది. చివరికి ఒకరోజు భార్య స్నానానికి వెళ్ళినప్పుడు బల్లమీద ఫోను మిణుక్కుమంది. వంగి చూశాడు. గ్రంథాలయం నుంచి క్లాసు వాళ్ళందరికీ పంపిన సందేశం: 'ఈ శనివారం క్లాసు మామూలుగానే జరుగుతుంది.' ఊళ్ళో లేని మనిషి క్లాసు మామూలుగా ఎలా జరుగుతుంది? అంటే ఊళ్ళోనే ఉన్నాడు! కానుపూ లేదు, కూతురూ లేదు. దొరికింది చిల్లు!

ఆ కోపం మీదే ఆయన పింఛను కాగితం తీసి ఒంటి పింఛను అన్న గడిలో టిక్కు పెట్టాడు. పెన్ను కాగితంలోకి దిగింది. ఒంటి పింఛను తీసుకుంటే భార్య ఒప్పుకున్నట్టు సంతకం కావాలన్నది నియమం. ఏం చెయ్యాలి? ఇంటి పన్ను కాగితం, బీమా కాగితం, గ్యాసు కనెక్షను కాగితం తీసి, వాటి మధ్య దీన్ని దూర్చాడు. ఆమె అప్పుడు బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"ఇదిగో, వీటి మీద సంతకాలు పెట్టు. ఆఫీసుకి టైమవుతోంది."

ఆమె ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఇస్త్రీ బల్ల మీదే కాగితాలు పరుచుకుంది. "ఇక్కడా?"

"ఊఁ, అక్కడే. అన్నింటిలో అడుగునే."

ఒకటి, రెండు, మూడు, నాలుగు. సంతకాలయ్యాక కాగితాలు సర్ది చేతికిచ్చి మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకుంది. ఆ పూట ఆయన కోసమే నీలం చొక్కా ఇస్త్రీ చేస్తోందని తర్వాత గుర్తొచ్చింది. మర్నాడు కాగితం కంపెనీలో ఇచ్చేశాడు. గెలిచినట్టే ఉంది కానీ, నోట్లో చేదు పోలేదు.

శనివారం సాయంత్రం దీపాలాయన గ్రంథాలయానికి బయల్దేరాడు. దొంగను చేతికి చిక్కించుకోవాలి మరి. పుస్తకాల వరసల మధ్యనుంచి పిల్లిలా నడిచి వెనక గది తలుపు దగ్గరికి చేరాడు. తలుపుకు అద్దపు పలక ఉంది. లోపల పదిమంది దాకా కుర్చీల్లో ఉన్నారు. జుట్టు కోసం వెతికాడు. తెల్ల జుట్టు ఉంది, ముడి వేసిన జుట్టు ఉంది, అసలు లేని తలలూ ఉన్నాయి. నల్లగా వెనక్కి దువ్వింది మాత్రం లేదు.

బోర్డు దగ్గర చాక్‌పీసు పట్టుకుని ఉన్నది ఆయన భార్య.

"ఈ ఫండు మేనేజరు నిరుడు నూటికి పన్నెండు తెచ్చానని చంకలు గుద్దుకుంటున్నాడు," అంటోంది ఆమె. ఇంట్లో ఎన్నడూ వినని గట్టి గొంతు. "మా ఆయన ప్రయోగశాలలో దీపాలతో పనిచేస్తారు. పని జరిగిందని సంబరపడేముందు పక్కన చీకటి సీసా పెట్టి చూడమంటారు ఆయన. మనమూ చూద్దాం. మార్కెట్టు సూచీలో ఏ షేర్లున్నాయో అవే కొని, ఏ మేనేజరూ ముట్టుకోకుండా పడుండే ఫండు ఒకటుంది. అదే మన చీకటి సీసా. నిరుడు అది ఎంత తెచ్చింది? అదీ పన్నెండే! మరి ఈ దీపం చేసిందేమిటి? మనం ఫీజు కట్టింది దేనికి?"

గది ఘొల్లుమంది. వెనక వరసలో ఒక దర్జీ తొడ చరిచి, "మీ ఆయన మామూలోడు కాదమ్మా!" అన్నాడు.

"అవును మరి," అందామె. "భయపడి అమ్మేవాడిదీ, ఆశపడి కొనేవాడిదీ ఒకటే జబ్బు అంటారు. ముసలితనానికి దాచుకునేది ఒకరి మీద ఒకరు ఆధారపడటానికి కాదు, ఒకరికొకరు భారం కాకుండా ప్రేమగా ఉండటానికి అంటారు."

తలుపు బయట దీపాలాయన అద్దానికి ఇంకా దగ్గరగా జరిగాడు. చీకటి సీసా మాట తనదే. మిగతావి తను ఎన్నడూ అనలేదు. అలాంటివి అనగల మనిషే కాదు తను. లోపల పదిమంది తలలూపుతూ మెచ్చుకుంటున్న ఆ 'మా ఆయన' ఎవడో తెలివైనవాడు, మంచివాడు, నిదానస్తుడు. భార్య అతని మాట చెప్పేటప్పుడు మొహంలో ఎంత వెలుగు! దీపాలాయనకు ఒళ్ళంతా మండిపోయింది. జన్మలో ఎంతోమంది మీద కుళ్ళుకున్నాడు కానీ, ఇంతగా ఎవరి మీదా కుళ్ళుకోలేదు. జుట్టాయన ఈ మొగుడి కాలిగోటికి చాలడు.

దర్జీ మళ్ళీ చేయెత్తాడు. "మరి మీ ఆయన ఏ పింఛను తీసుకున్నారమ్మా? ఒంటిదా, జంటదా?"

ఆమె బోర్డు వైపు తిరిగి డస్టరుతో కాసేపు తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"జంటదే," అంది. "నన్ను వదిలేసి ఎలా రాస్తారండీ?"

దీపాలాయన మెట్లు ఎలా దిగాడో, ఇంటికి ఎలా చేరాడో ఆయనకే తెలీదు. లైటు వెయ్యాలని కూడా తోచక తన కుర్చీలో కూలబడ్డాడు. భార్య వచ్చి లైటు వేసి ఉలిక్కిపడింది.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?"

"క్లాసు నువ్వా చెప్పేది?"

ఆమె చెప్పులు విప్పడం ఆపింది. "వచ్చారా? ఆయన ఊరెళ్ళినప్పటినుంచి నేనే. అంతకుముందు కూడా సగం నేనే. పాపం ఆయనకు లెక్కలొచ్చు కానీ చెప్పడం రాదు, అందరూ నిద్రపోయేవారు."

"మరి ఇంట్లో పొద్దస్తమానం ఆయన అన్నారు, ఆయన అన్నారు అని నా ప్రాణం తీశావేం?"

"నేనన్నానంటే మీరు వింటారా?" అంది ఆమె మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. "ఇంటి అప్పు ముందే తీర్చేద్దామని నేను మొత్తుకుంటే నీకేం తెలుసన్నారు. అదే మాట మీ అన్నయ్య అనగానే తీర్చేశారు. అప్పటినుంచి నా మాటని ఎవరో ఒకరి నోట్లో పెట్టి చెప్పడం అలవాటైపోయింది."

"అక్కడేమో మా ఆయన అన్నారంటున్నావు!"

"అక్కడివాళ్ళు మాత్రం? కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ చెప్తే వింటారా? మందుల కంపెనీ సైంటిస్టు చెప్తే వింటారు కానీ."

దీపాలాయన అడగాల్సింది ఇంకోటుంది.

"జంట పింఛనన్నావు వాళ్ళతో. నేను... ఆ కాగితాల్లో ఒకటి... నువ్వు చదవకుండానే..."

"చదివే పెట్టాను. మూడో కాగితం."

"తెలిసే పెట్టావా?"

"వారం వారం అదే కదండీ నేను చెప్పే పాఠం. చదవకుండా సంతకం పెట్టొద్దనేగా."

"మరెందుకు పెట్టావు?" ఆయన గొంతు పెద్దదైంది. ఎవరి మీద కోపమో ఆయనకే తెలీదు.

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. "మీ మొహం చూసి పెట్టాను. మీ తర్వాత నేను బాగా బతికేస్తానేమోనని మీకు బాధగా ఉంది. ఎప్పటినుంచో చూస్తున్నాను. పిచ్చి బాధే, కానీ బాధే కదా. మీరు ఉన్నన్నాళ్ళూ ఆ బాధతో నన్ను చూస్తూ కూర్చునేకంటే, మీరు పోయాక డబ్బుల్లేకుండా నెట్టుకురావడమే నాకు తేలికనిపించింది."

ఇన్నేళ్ళూ తన కుళ్ళు తన కడుపులోనే ఉందనుకున్నాడు దీపాలాయన. అది ఈ ఇంట్లో మూడో మనిషిలా తిరుగుతోందని, ఆమె దానికి కూడా అన్నం పెడుతోందని ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగింది. "పాలసీ చేతికొచ్చాక నెల రోజుల్లోపు వెనక్కి ఇచ్చి మార్చుకోవచ్చు. అలాంటి వెసులుబాటు ఉంటుంది."

"ఎవరన్నారు?" అన్నాడు ఠక్కున. పాడు అలవాటు, ఎక్కడికి పోతుంది?

"నేనే అంటున్నాను," అంది ఆమె. "కానీ మార్చమని అడగను. అది మీరూ మీ బాధా తేల్చుకోండి."

ఆయన రిటైరయ్యాడు, పాలసీ వచ్చింది. అప్పటిదాకా దీపాలాయన ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మనసును బుజ్జగించి చూశాడు, తిట్టి చూశాడు. మంచి మనిషిగా మారిపోదామని నిజంగా ప్రయత్నించాడు. లాభం లేకపోయింది. కళ్ళు మూసుకుంటే చాలు, తను లేని ఉదయమొకటి కనిపించేది. జుట్టాయన అందులోంచి ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఆమె ఒక్కతే ఉంది, కిటికీ తెరిచి, మొక్కకు నీళ్ళు పోస్తూ, పాడుకుంటూ. ఎంత బాగుందో ఆ ఉదయం! తనెందుకు ఉండకూడదు అందులో? కడుపులో అదే మంట, వీసమెత్తు తగ్గలేదు. ఆ మంటతోనే నీలం చొక్కా వేసుకుని, పాలసీ సంచిలో పెట్టుకుని బీమా కంపెనీ ఆఫీసుకు వెళ్ళాడు.

కౌంటరులో ఉన్న అమ్మాయి కాగితాలు చూసింది. "ఒంటి పింఛను తీసి జంటది కావాలంటారు. నెలకు వచ్చేది తగ్గుతుంది, తెలుసు కదండీ?"

"తెలుసు."

"మీకంటే మీ మిసెస్ ఏడేళ్ళు చిన్న. కాబట్టి బాగానే తగ్గుతుంది."

"అదీ తెలుసమ్మా."

ఆ అమ్మాయి కంప్యూటరు మీద వేళ్ళు పెట్టి ఆగింది. "మార్పుకి కారణం రాయాలండీ. పొరపాటున ఎంచుకున్నారని రాయనా?"

"పొరపాటు కాదు. కావాలనే ఎంచుకున్నాను."

"పోనీ, మనసు మారిందని రాయనా?"

వెనక వరసలో ఎవరో విసుగ్గా దగ్గారు. ఇన్నేళ్ళు ప్రయోగశాలలో పనిచేసినవాడు, జరగనిదాన్ని జరిగిందని రాయించడం ఆయన వల్ల కాలేదు.

"మనసు అలాగే ఉందమ్మా," అన్నాడు. "పింఛను ఒక్కటీ మార్చండి."